కుడిపక్క సీటు

షఫీక్ బండిని లిఫ్టు మీదికి ఎక్కించాడు. ఇక నేను చేయగలిగింది ఏమీ లేదు, ఈ గాజు కిటికీ వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఫెయిలవ్వాలి, ఎలాగైనా ఫెయిలవ్వాలి అని లోలోపల గొణుక్కోవడం తప్ప. పెళ్లయిన కొత్తలో చర్చికి వెళ్లడం మానేసినదాన్ని, ఇన్నేళ్లకు వచ్చి ఒక కారు పరీక్ష తప్పేలా చూడమని దేవుణ్ణి అడుగుతున్నాను, ఆయనకు నా మొహం గుర్తుందో లేదో. ఎర్ర కార్వెట్ మెల్లగా పైకి లేస్తోంది. నిజానికి దీనికి ఈ పరీక్షే అక్కర్లేదు. నలభై ఏళ్లు దాటిన బండిని ఏటా ఈ సర్కారు తనిఖీకి, అంటే ఎమ్‌ఓటీకి తేవలసిన పని లేదు, బాగానే ఉందని యజమాని తనంతట తాను చెప్పుకుంటే చాలు. డెబ్భై దాటిన డ్రైవరు సంగతీ అంతే, నా కళ్లు బాగానే ఉన్నాయని మూడేళ్లకోసారి అతనే చెప్పుకుంటాడు, లైసెన్సు నడుచుకుంటూ ఇంటికొస్తుంది. ముసలి బండిని ఎవరూ ఏమీ అడగరు, ముసలివాణ్ణి అడుగుతారు గానీ అతనేం చెబితే అదే ఖాయం. ఈ దేశంలో మర్యాద మరీ ఎక్కువైపోయింది. అందుకే నేనే అన్నాను మా ఆయన నెవిల్‌తో, ఆదివారం మనవరాలు ఇమోజెన్‌ని ఎక్కించుకుంటున్నావు కదా, ఒకసారి షఫీక్‌కి చూపించి మరీ తీసుకెళ్లు అని. వెంటనే ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమేమిటి, మురిసిపోయాడు. ఇన్నేళ్లలో ఆ కారు గురించి నేను కోరి మాట్లాడటం అదే మొదటిసారి అనుకున్నాడు కాబోలు, నా భుజం మీద తట్టి, ఇన్నాళ్లకి దారికొచ్చావే అన్నాడు. తడుతున్నప్పుడు కూడా నా చెవి వైపే చూస్తున్నాడు.

అవును, నా చెవి వైపు. మొహంలోకి చూసి మాట్లాడి ఏడాది దాటింది. మొదట్లో నా మీద కోపమేమో అనుకున్నాను, తర్వాత నేనంటే విసుగేమో అనుకున్నాను, ఇంకో ఆడది ఉందేమోనని కూడా ఒక మధ్యాహ్నమంతా అనుకున్నాను, బరీ మార్కెట్‌లో చేపలు కొంటూ, డెబ్భై అయిదేళ్ల వాడికి, మోకాళ్లు పట్టేసినవాడికి. అలాంటిదేదో అయినా బాగుండేది. కళ్లద్దాల షాపులో ఆ అమ్మాయి, పేరు తెలియదు, జడ వేసుకుని చిన్నపిల్లలా ఉంది, నా ఎదుటే చెప్పింది. చూపులో నడిమి భాగం పోయింది, అంచులు మిగిలాయి. అంటే దేన్ని చూడాలనుకుంటాడో సరిగ్గా అదే కనపడదు, దాని పక్కన ఉన్నవన్నీ కనపడతాయి. బండి తోలకూడదు సార్, లైసెన్సులిచ్చే స్వాన్సీ ఆఫీసుకి మీరే తెలియజేయాలి అని మెత్తగా, రెండుసార్లు చెప్పింది. నెవిల్ తల ఊపాడు, థాంక్స్ చెప్పాడు, బయటికొచ్చి తాళాలు తీసి కారెక్కాడు. “స్కూలు పిల్ల. దానికేం తెలుసు,” అన్నాడు. నేను కుడిపక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. “ఖాళీనా?” అన్నాడు. నేను రోడ్డు చూశాను. ఖాళీగానే ఉంది. ఖాళీ అన్నాను. ఇంకేమనాలి మరి.

ఈ మాట మా ఇద్దరిదీ. ఈ బండికి స్టీరింగు ఎడమపక్క, మన రోడ్డు మీద నడిచేదేమో ఎడమ అంచున, కాబట్టి తోలేవాడు కాలిబాట పక్కన ఇరుక్కుని ఉంటాడు, ముందు ఒక లారీ ఉంటే దాన్ని దాటి అవతల ఏముందో అతనికి తెలియదు. రోడ్డు నడిమికి దగ్గరగా కూర్చునేది నేను. అందుకని ఇలాంటి బండ్లున్న ఇళ్లలో పెళ్లాలందరికీ ఇదే ఉద్యోగం, మెడ చాచి చూడటం, ఖాళీ అనడం, లేదా ఆగు అనడం. సంబంధం చూసేటప్పుడే మెడ పొడుగు చూసుకోవాలిరా అని కార్ల క్లబ్బులో మగాళ్లు ఎకసెక్కం ఆడేవాళ్లు. మొదటిసారి నాకు బాగా గుర్తుంది, సౌత్‌పోర్ట్ దారిలో ముందొక గడ్డి ట్రాక్టరు, నత్తనడక, నెవిల్ అసహనంగా వేళ్లతో స్టీరింగు మీద దరువు వేస్తూ, చూడవే, ఏమైనా వస్తోందా అన్నాడు. చూశాను. ఖాళీ అన్నాను. ఒక్క క్షణమైనా ఆగలేదు. తల తిప్పి సరిచూసుకోలేదు. ఆ ఇంజను గర్జించింది, నా వీపు సీటుకి అతుక్కుపోయింది, ట్రాక్టరు వెనక్కి పోయింది, నేను నా జన్మలో అలా నవ్వలేదు. కారు నాకు నచ్చలేదు, ఎప్పుడూ నచ్చలేదు, పెట్రోలు తాగుతుంది, రెండే సీట్లు, సంచి పెట్టుకోవడానికి చోటుండదు. కానీ నేనన్న ఒక్క మాట మీద ఒక మనిషి తన ప్రాణం, నా ప్రాణం పెట్టి అలా తొక్కేశాడంటే, అంతకంటే ప్రేమ ఏముంటుందో నాకు తెలియదు. వంటగదిలో నా మాటకి ఎప్పుడూ అంత విలువ లేదు.

దీన్ని ఇక్కడి రోడ్డెక్కించడానికి ఎంత తంటా పడ్డాడో. వెనక నాలుగు గుండ్రటి ఎర్ర లైట్లు, చూడ్డానికి భలే అందం, కానీ ఇది తయారైన దేశంలో బ్రేకు వేసినా ఎరుపే, మలుపు తిరగాలన్నా అదే ఎరుపు మిణుకుమిణుకుమంటుంది. ఇక్కడ మలుపుకి నారింజ రంగు ఉండాల్సిందే. రంగు మారిస్తే అందం పోతుందని క్లబ్బులో ఒక పక్షం, మార్చకపోతే పోలీసు ఆపుతాడని ఒక పక్షం, పెద్ద యుద్ధం. నెవిల్ మార్చాడు. హెడ్‌లైట్లు అటు దేశం వాలుతో ఎదురొచ్చేవాడి కళ్లలో కొట్టేవి, అవీ మార్చాడు. చట్టమంటే చట్టమే అనేవాడు. బస్సు డ్రైవరుగా బతుకంతా గడిపినవాడు, ఒక్క గీత పడనివ్వలేదు, రిటైరయ్యేరోజు డిపోలో వాళ్లిచ్చిన గడియారం కంటే ఆ మాటే ఎక్కువ మందికి చెప్పుకున్నాడు. అలాంటివాడు. అలాంటివాడే పోయిన నెలలో సిగ్నల్ దగ్గర, ఏదో మామూలు కబురు అడిగినట్టు, “పచ్చేనా?” అన్నాడు. ట్రాక్టరు అవతల ఏముందని కాదు, ఎదురుగా ఉన్న లైటు ఏ రంగని. పచ్చే అన్నాను. ఆ తర్వాత జీబ్రా గీతల దగ్గర కుక్కని తీసుకుని ఒకాయన దాటుతున్నాడు, ఆగు అని అరిచాను, ఆగాడు, సరిగ్గా ఆగాడు, బ్రేకు మీద ఆ కాలు ఇప్పటికీ నికార్సైన కాలు. కుక్క మా బంపరు వాసన చూసి వెళ్లింది. ఇంటికెళ్లి టీ పెట్టుకున్నాం.

కిటికీలోంచి కనిపిస్తున్నాడు ఇప్పుడు, అక్కడ బయట పెరట్లో, చేతిలో కప్పు, ఎవరో కుర్రాళ్లకి ఇంజను గురించి ఉపన్యాసం ఇస్తున్నాడు, వాళ్లు నవ్వుతున్నారు. సన్నగా జల్లు పడుతోంది, టోపీ పెట్టుకోమంటే వినడు. ఆరోగ్యంగా ఉన్నాడు, ఎర్రగా ఉన్నాడు, పాతికేళ్ల వాడిలా సంతోషంగా ఉన్నాడు. ఆదివారం సౌత్‌పోర్ట్‌లో బండ్ల సంబరం. ఇమోజెన్‌కి తొమ్మిదేళ్లు నిండుతున్నాయి, నీకేం కావాలే అంటే తాతయ్య కార్లో సముద్రానికెళ్లాలి అంది. రెండే సీట్లు. ఒకటి నెవిల్‌ది. రెండోది నాది, ఆ రోజుకి ఇమోజెన్‌ది. నేను, కూతురు జోయాన్ రైల్లో వస్తామట, అక్కడ చేపలూ చిప్సూ తింటామట, అంతా వాళ్లే ఏర్పాటు చేసేశారు. పోయిన శనివారం వంటగదిలో రెండు కుర్చీలు పక్కపక్కన వేసి కూర్చున్నారిద్దరూ, నెవిల్ చేతిలో గిన్నె మూత, స్టీరింగన్నమాట. ఖాళీనా అంటాడు. “ఖాళీ తాతయ్యా!” అని అది ఎగిరి గంతేసి అరుస్తుంది. ఖాళీనా? ఖాళీ! ఖాళీనా? ఖాళీ! అతను అడగడం పూర్తికాకముందే అరుస్తుంది. చూడకుండానే అరుస్తుంది, చూడటానికి ఎదుట ఏముంది, ఫ్రిజ్. చురుకైన పిల్లవే, మీ అమ్మమ్మకంటే నువ్వే నయం, ఆవిడ తీరిగ్గా ఆలోచించి చెబుతుంది అన్నాడు నెవిల్. నా చేతిలో ఉల్లిపాయ ఉంది, దాన్ని అలాగే పట్టుకుని నిలబడిపోయాను. మొదటిసారి నాకు భయం కాదు, కోపం వచ్చింది. నీకు తెలుసు. నీకన్నీ తెలుసు. తెలిసే నేర్పుతున్నావు.

చెప్పకుండా ఉన్నానా. జోయాన్‌కి చెప్పాను, నాన్నకి చూపు ఆనడం లేదే అని. ఆ బండి లాక్కుంటే నాన్న ఆరు నెలలు బతకడమ్మా అంది, అయినా నువ్వెప్పుడూ ఇంతే, ప్రతిదానికీ కంగారు, మొన్న మా ఇంటికి ఎంత బాగా తోలుకొచ్చాడు అంది. బాగా తోలుకొచ్చాడు, నిజమే, దారి పొడుగునా నేను అరుస్తూనే ఉన్నాను కదా, నా గొంతు బొంగురు పోయింది, జలుబు చేసిందా అమ్మా అని అల్లం టీ ఇచ్చింది. తాళాలు దాచాను, ఇంకో జత తీశాడు. నేను రానని ఒకరోజు మొండికేశాను, ఒక్కడే పెట్రోలుకి వెళ్లాడు, అద్దం ఒకటి వేలాడుతూ వచ్చాడు, ఎవడో గుద్ది పారిపోయాడట. ఆ అరగంట నేను గుమ్మంలో నిలబడి అంబులెన్సు కూత కోసం విన్నాను. ఇక ఆ రోజునుంచి ఎక్కడికంటే అక్కడికి వెళుతున్నాను. స్వాన్సీకి ఫోను చేశాను ఒకసారి, సంగీతం వినిపిస్తూ ఉంచారు, ఎవరో హలో అనేలోగా పెట్టేశాను. ఏమని చెప్పాలి, మా ఆయన అని చెప్పాలా. ఎవరి మాట మీద యాభై ఏళ్లు కళ్లు మూసుకుని తొక్కాడో ఆవిడే ఫోను చేసిందని తెలిస్తే. మనిషి మీద చెప్పలేక, ఇదిగో, బండి మీద చెబుదామని వచ్చాను.

ఈ పూట అతను గడ్డం గీసుకుంటున్నప్పుడు గ్యారేజీలోకి వెళ్లి స్క్రూడ్రైవరు తీసుకుని, వెనక ఎడమవైపు నారింజ లైటు అద్దం విప్పి బల్బు తీసేశాను. కోటు జేబులో ఉంది, వేళ్లకి తగులుతోంది. ప్రమాదకరం అని షఫీక్ రాస్తే చాలు, ఆ మాట కంప్యూటరుకి ఎక్కితే చాలు, చట్టమంటే చట్టమే అనే మనిషి ఆదివారం కదలడు. కానీ బయల్దేరే ముందు నెవిల్ ఏం చేశాడో తెలుసా. నన్ను కూర్చోబెట్టి మీట నొక్కమని, తను వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. ఎడమ నొక్కాను. కుడి నొక్కాను. అద్దంలో కనిపిస్తున్నాడు, చేతులు నడుము మీద పెట్టుకుని, తల కొంచెం పక్కకి వంచి. “రెండూ బ్రహ్మాండంగా కొడుతున్నాయి,” అన్నాడు. ఏడుపొచ్చింది నాకు. అది అబద్ధమో, నిజంగానే అలా కనిపించిందో ఇప్పటికీ తెలియదు.

లిఫ్టు కింద షఫీక్ చిన్న సుత్తితో చట్రాన్ని అక్కడక్కడా తట్టి చూస్తున్నాడు. తుప్పు ఉండాలి, ఈ జల్లుల ఊళ్లో యాభై ఏళ్ల ఇనుముకి తుప్పు పట్టకుండా ఉంటుందా. పైది ఫైబరు, అది ఎప్పటికీ నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల ఇనుము మాత్రం పుచ్చుతుందని నెవిల్ చెప్పేవాడే. పుచ్చి ఉండాలి. ఎడమ హెడ్‌లైటు కూడా ఒకటుంది, మూత తెరుచుకుని లేవడానికి బద్ధకిస్తుంది, కుడిది లేచాక తీరిగ్గా లేస్తుంది, నా ఆశంతా ఆ బద్ధకపు లైటు మీదే ఉంది. షఫీక్ ఎందుకో నాలుగుసార్లు లోపలికీ బయటికీ తిరిగాడు. వాళ్ల నాన్న ఇక్బాల్, నెవిల్ ఒకే డిపోలో పనిచేశారు. ఆ రోజుల్లో క్యాంటీన్‌లో ఇక్బాల్ కూర్చున్న బల్ల దగ్గర ఎవరూ కూర్చునేవాళ్లు కాదు, నెవిల్ వెళ్లి కూర్చుని అతని డబ్బాలోంచి పరాఠా చింపుకుని తిన్నాడు, మర్నాడు ఇద్దరొచ్చారు, వారానికి బల్ల నిండింది. పోయినేడాది ఇక్బాల్ పోయాడు. మంచివాడు కావడం కూడా ఇంత అడ్డమొస్తుందని నాకు తెలియదు, నెవిల్ చెడ్డవాడైతే ఈపాటికి ఎవడో ఒకడు వాడి లైసెన్సు పీకించేవాడు.

షఫీక్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు, మొహమంతా నవ్వు. “ఆంటీ, పాసయింది. చట్రం చూస్తే ముద్దొస్తోంది, ఇలాంటిది ఈ మధ్య నేను చూడలేదు.”

“లైట్లో?” అన్నాను.

“వెనక బల్బు ఒకటి ఊడి ఎక్కడో పడిపోయినట్టుంది, కొత్తది వేశాను. ముందు లైటుని లేపే గాలి గొట్టం వదులైంది, క్లిప్పు బిగించాను. వాటికి డబ్బులేం వద్దులెండి. బల్బు మీద అంకుల్ బండిని ఫెయిల్ చేస్తానా, మా నాన్న సమాధిలోంచి లేచొచ్చి తంతాడు.”

జేబులో ఉన్న బల్బుని పిడికిట్లో మూసేశాను. చెప్పకూడదనుకున్నది, ఎవరికీ చెప్పలేకపోయింది, నూనె మరకల కుర్రాడి ముందు నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. “షఫీక్, ఆయనకి కనపడదు నాయనా.”

అతను వెంటనే తలుపు వైపు చూశాడు, నెవిల్ దూరంగా ఉన్నాడో లేదో అని. అప్పుడే నాకు అర్థమైంది. ఆశ్చర్యపోయినవాడు నన్ను చూస్తాడు, తలుపు వైపు చూడడు.

“తెలుసాంటీ.”

“ఎప్పట్నుంచి?”

“నాన్న పోయినప్పట్నుంచి. పలకరించడానికొచ్చి, మా తమ్ముడి చెయ్యి పట్టుకుని, ధైర్యంగా ఉండు షఫీక్ అన్నారు. నేను పక్కనే ఉన్నా.” గుడ్డని చిన్నగా మడతపెట్టాడు, మళ్లీ విప్పాడు. “మీరు పక్కన కూర్చుంటారు కదా, పర్లేదులే అనుకున్నాం.”

“అనుకున్నామా? ఎవరెవరు?”

“అందరం ఆంటీ. క్లబ్బులో అందరికీ తెలుసు.”

అందరూ. నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్న బరువు అందరూ చూస్తూ నా నెత్తిన ఉంచారన్నమాట, బ్రెండా ఉందిగా అని. అరవడానికి కూడా ఓపిక లేదు. “ఆదివారం నేనుండను. ఆ సీట్లో ఇమోజెన్ ఉంటుంది,” అన్నాను. అతని మొహంలో నవ్వు ఆరిపోయింది. పిల్లల తండ్రి, అర్థమైంది, నాకు తెలుసు అర్థమైందని. “కంప్యూటర్లో మార్చెయ్. ఫెయిలని పెట్టు. ఏదో ఒకటి రాయి.”

“కుదరదాంటీ, ఎక్కించేశాను. నా లైసెన్సు పోతుంది. నేను చూసేది బండినే, మనిషిని కాదు కదా.”

“అయితే స్వాన్సీకి నువ్వు ఫోను చెయ్.”

“అంకుల్ మీద నేనా?” అన్నాడు, చాలా చిన్నగా. “మీరు చెయ్యండాంటీ. భార్యగా మీరు చేస్తే వాళ్లు వింటారు.” ఎంత ప్రేమగా అన్నాడో, నా చేతిలో ఆ కాగితం పెట్టి, గొడుగు తెచ్చి పట్టుకుని కారుదాకా నడిపించాడు. పాసైన కాగితం. చట్టం ప్రకారం ఈ బండిలో ఏ లోపమూ లేదు.

నెవిల్ అప్పటికే ఎక్కి కూర్చున్నాడు. ఇంజను పెట్టాడు, ఆ గర్జనకి పెరట్లో కుర్రాళ్లు ఈల వేశారు. “చెప్పానా, మచ్చ లేదు,” అన్నాడు నాతో, నా చెవితో. “ఆదివారం చూడు పిల్లదాని మొహం.” నెవిల్, ఆదివారం వద్దు అన్నాను. “ఏమొద్దు?” దాన్ని తీసుకెళ్లొద్దు, నీకు కనపడదు అన్నాను. మొట్టమొదటిసారి ఆ మాట అతని ఎదుట అన్నాను, ఇంజను హోరులో కూడా నా గొంతు నాకు వినిపించింది. నెవిల్ చేతులు స్టీరింగు మీద కదల్లేదు. వైపర్లు అటూ ఇటూ పోతున్నాయి. “అది ఎదురుచూస్తోందే బ్రెండా,” అన్నాడు, బతిమాలుతున్నట్టు, పిల్లాడిలా. గేరు వేసి గేటుదాకా వచ్చి ఆగాడు.

ముందు రోడ్డు. కుడినుంచి ఒక డబుల్ డెక్కర్ బస్సు వస్తోంది, వెనక ఒక వ్యాను, దాని వెనక ఏమీ లేదు.

“ఖాళీనా?”

బస్సు వెళ్లింది. వ్యాను వెళ్లింది. రోడ్డు రెండువైపులా తడిగా, ఖాళీగా ఉంది. నేను నోరు తెరవలేదు. చెప్పకపోతే కదలడు, ఎదురుగా పగలంతా ఖాళీ రోడ్డున్నా నా మాట లేనిదే అంగుళం కదలడు, నా చేతిలో ఉన్నది ఇదొక్కటే. వెనక ఎవరో హారన్ కొట్టారు. నెవిల్ తల నా వైపు తిరిగింది, ఎక్కడ చూడాలో వెతుక్కుంటోంది.

“బ్రెండా? ఖాళీనా?”

మళ్లీ హారన్. ఇమోజెన్ అయితే ఈపాటికి చెప్పేసి ఉండేది.